బోరు మోటరుకు సొంత యాప్: తక్కువ కోడింగ్‌తో కట్టుకునే పద్ధతి

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటల్లో బోరు అడుగంటిన సంగతి చాలామందికి మోటరు కాలిపోయిన తర్వాతనే తెలుస్తుంది. సబ్‌మెర్సిబుల్ మోటరు తన చుట్టూ ఉన్న నీటితోనే చల్లబడుతుంది. నీళ్లు తగ్గి పంపు గాలిని పీల్చడం మొదలైన తర్వాత కూడా అది తిరుగుతూనే ఉంటే వైండింగ్ వేడెక్కుతుంది, బేరింగులు అరుగుతాయి, చివరికి మనుషులను పిలిపించి పైపులన్నీ పైకి తీయవలసి వస్తుంది. నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో ఉన్న మా మేనమామ తోటలో ఈ ఖర్చు ఒకే ఎండాకాలంలో రెండుసార్లు పడింది. ఆ తర్వాత నేను కట్టిన చిన్న యాప్ ఏ విధంగా పనిచేస్తుందో, దాన్ని మీరు ఏ వరుసలో కట్టుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను. మీకు ప్రోగ్రామింగ్ రానవసరం లేదు, అయితే ఓపిక, ఒక మంచి ఎలక్ట్రీషియన్, రెండు మూడు ఆదివారాలు తప్పకుండా కావాలి.

తక్కువ కోడింగ్ సాధనాలు అంటే కోడు రాసే పనిలో ఎక్కువ భాగాన్ని బొమ్మలతోను, సెట్టింగులతోను పూర్తి చేయనిచ్చేవి. డబ్బాల వంటి బొమ్మలను తెర మీద పేర్చి, వాటి మధ్య తీగలు గీస్తే సమాచారం ఒక డబ్బా నుంచి మరొక డబ్బాకు ప్రవహిస్తుంది. ఇవి మన బదులు కోడు రాస్తాయి గాని, మన బదులు ఆలోచించవు. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు మోటరు ఏమి చేయాలి, సిగ్నల్ లేనప్పుడు ఎవరి మాట చెల్లాలి, తెర మీద కనిపించే అంకె పాతదైతే దాన్ని ఎవరు గుర్తించాలి అనే ప్రశ్నలకు జవాబులు మనమే చెప్పాలి. నేను చూసిన చాలా యాప్‌లు సాధనం చేతగాక చెడిపోలేదు, ఈ జవాబులు ముందుగా రాసుకోకపోవడం వల్ల చెడిపోయాయి.

ముందుగా కాగితం మీద

కంప్యూటర్ తెరవక ముందే యాప్ ప్రవర్తనను మామూలు తెలుగు వాక్యాల్లో రాసుకోండి. మా తోట కోసం నేను రాసుకున్నవి నాలుగే. మోటరు నడుస్తుండగా కరెంటు వినియోగం హద్దు కంటే తగ్గి, ముప్పై సెకన్ల పాటు అట్లాగే ఉంటే మోటరు ఆగాలి. అట్లా ఆగిన తర్వాత బోరులో నీళ్లు ఊరడానికి నలభై ఐదు నిమిషాల వరకు ఎవరు నొక్కినా మోటరు లేవకూడదు. బోరు దగ్గరి నుంచి రెండు నిమిషాల పాటు కబురు రాకపోతే తెర మీద "సమాచారం లేదు" అని కనిపించాలి, "మోటరు ఆగింది" అని కనిపించకూడదు. మన పరికరం మొత్తంగా పాడైపోయినా మోటరు పాత పద్ధతిలో మీటలతో నడవాలి.

ఈ నాలుగు వాక్యాల్లో మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గాని, యాప్ మీద రైతుకు నమ్మకం నిలిచేదీ పోయేదీ దానితోనే. నాలుగోది ఇంకా ముఖ్యం. ముప్పై ఏళ్లుగా ఆకుపచ్చ, ఎర్ర మీటలతో సాగుతున్న పనిని మన పరికరం వచ్చి ఆపేస్తే, ఆ మరునాడే దాన్ని పీకి పక్కన పెడతారు. అది న్యాయమే.

హద్దును కరెంటుతో ఎందుకు కొలుస్తున్నామో కూడా చెప్పాలి. బోరులోకి సెన్సర్ దింపి నీటిమట్టం కొలవడం ఖరీదైన పని, పైపులకు చిక్కుకునే ప్రమాదమూ ఉంది. పంపు నీళ్లు ఎత్తుతున్నప్పుడు మోటరుకు భారం ఎక్కువ, కాబట్టి ఆంపియర్లు ఎక్కువ. నీళ్లు తగ్గితే భారం తగ్గి ఆంపియర్లు పడిపోతాయి. మా మోటరు నిండుగా పోస్తున్నప్పుడు 7.8 ఆంపియర్లు తీసుకునేది, నీళ్లు తెగినప్పుడు 5.1 దగ్గర ఆడేది. ఈ తేడాను బయటి నుంచే, తీగను కోయకుండానే చదవవచ్చు.

కావలసిన సామాను

బోరు దగ్గర ఉండే పరికరానికి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు చాలు. దానికి వైఫై ఉంది, ధర తక్కువ, హైదరాబాద్ కోఠిలోనైనా ఆన్‌లైన్‌లోనైనా దొరుకుతుంది. ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే చూస్తుంది, కాబట్టి ఇంట్లోని రూటరు గాని, ఫోన్ హాట్‌స్పాట్ గాని 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే నెట్‌వర్క్ పేరు కూడా దానికి కనబడదు. మొదటి రోజు చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

కరెంటు కొలవడానికి ఎస్‌సీటీ-013 అనే బిగింపు సెన్సర్ వాడతాము. దీనిలోనే రకాలున్నాయి. 100 ఆంపియర్ల రకం కరెంటు రూపంలో సంకేతం ఇస్తుంది, దానికి విడిగా రెసిస్టర్ పెట్టాలి. 30 ఆంపియర్లకు 1 వోల్టు ఇచ్చే రకంలో ఆ రెసిస్టర్ లోపలే ఉంటుంది. చిన్న మోటర్లకు ఈ రెండోదే నయం.

యాప్ నడవడానికి ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ గాని, మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ గాని ఉండాలి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుంది కనుక కరెంటు పోయినా ఆగదు, కాబట్టి మన ఊళ్లలో నేను ల్యాప్‌టాప్‌కే ఓటు వేస్తాను. రాస్ప్‌బెర్రీ పై వాడితే దాన్ని ఇన్వర్టర్ మీద పెట్టండి, లేకపోతే కరెంటు పోతూ వస్తూ ఉండగా దాని మెమరీ కార్డు చెడిపోతుంది.

బోరుకూ ఇంటికీ దూరం ఎక్కువైతే వైఫై అందదు. మహబూబ్‌నగర్ వైపు చెలకల్లో బోరు ఒకచోట, ఇల్లు కిలోమీటరు అవతల ఉండడం మామూలే. అట్లాంటప్పుడు సిమ్ వేసే చిన్న రూటరు బోరు దగ్గర పెట్టవచ్చు, లేదా లోరా అనే రేడియో పద్ధతిని వాడవచ్చు. మన దేశంలో దీనికి 865–867 మెగాహెర్ట్జ్ పట్టీలో లైసెన్సు అవసరం లేదు. మాడ్యూల్ కొనేటప్పుడు ఆ పట్టీకి చెందినదా కాదా చూసుకోండి, ఎందుకంటే ఇతర దేశాల పట్టీల మాడ్యూళ్లు కూడా అదే దుకాణంలో అమ్ముతారు.

స్టార్టర్ డబ్బా దగ్గర

ఈ భాగాన్ని ఎలక్ట్రీషియన్ లేకుండా చేయవద్దు. డబ్బాలో 415 వోల్టుల త్రీ ఫేజ్ ఉంటుంది. కింద ఫ్యూజులు తీసి, టెస్టరుతో మూడు ఫేజులూ చూసిన తర్వాతనే చెయ్యి లోపలికి పోవాలి.

సెన్సర్‌ను మోటరుకు వెళ్లే మూడు తీగల్లో ఒక్కదాని చుట్టూ మాత్రమే బిగించండి. మూడింటినీ కలిపి బిగిస్తే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదానినొకటి రద్దు చేసుకొని సున్నా వస్తుంది. తీగను సెన్సర్ గుండా రెండు చుట్లు తిప్పితే సంకేతం రెట్టింపవుతుంది, తక్కువ ఆంపియర్ల మోటరుకు ఇది మంచి ఉపాయం, లెక్కలో మాత్రం సగం చేసుకోవాలి. మనం ఒక ఫేజునే చూస్తున్నాము కనుక ఇప్పటికే ఉన్న, ఒక ఫేజు పోతే మోటరును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను, భారం మించితే ఆపే ఓవర్‌లోడ్ రిలేను ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకూడదు. మన యాప్ వాటికి తోడు మాత్రమే.

సెన్సర్ ఇచ్చేది ఏసీ సంకేతం, అంటే సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది. ఈఎస్‌పీ32 సున్నాకు కిందిది చదవలేదు. అందుకని 3.3 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య 10 కిలో ఓముల రెసిస్టర్లు రెండు వరుసగా పెట్టి, వాటి నడుమ వచ్చే 1.65 వోల్టుల బిందువుకు సెన్సర్ ఒక కొసను కలిపి, రెండో కొసను పిన్‌కు కలపాలి. నడిమి బిందువు నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే అంకె నిలకడగా వస్తుంది. పిన్ కూడా 32 నుంచి 39 వరకు ఉన్న వరుసలోనిదే వాడండి, ఎందుకంటే వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ భాగంలో ఏడీసీ2 అనే రెండో గుంపు పిన్నులు వైఫై నడుస్తున్నప్పుడు కొలత ఇవ్వవు. నేను 34వ పిన్ వాడాను.

మోటరును ఆపే రిలే (బోర్డు ఇచ్చే చిన్న సంకేతంతో పెద్ద కరెంటు దారిని తెరిచి మూసే స్విచ్చు) సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. దుకాణంలో దొరికే నీలి రంగు రిలే మాడ్యూల్ మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ముద్రించి ఉంటుంది. వ్యవసాయ స్టార్టర్లలో మోటరు దారిని మూసి పట్టి ఉంచే అయస్కాంతపు చుట్ట, అంటే కాయిల్, చాలావరకు రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద పనిచేస్తుంది. అంటే ఆ నీలి రిలేను నేరుగా కాయిల్ తీగలో పెట్టడం తప్పు. కాయిల్ వోల్టేజీని తట్టుకునే చిన్న కాంటాక్టర్‌ను (ఎక్కువ వోల్టేజీకి తగిన రిలే వంటిది) మధ్యలో పెట్టి, నీలి రిలేతో దాన్ని ఆడించాలి. ఆ కాంటాక్టర్‌లో మామూలుగా మూసి ఉండే కాంటాక్ట్‌ను ఎర్ర మీట వరుసలో కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. అప్పుడు మన రిలేకు కరెంటు అందినప్పుడే మోటరు ఆగుతుంది, మన పరికరం చచ్చిపోతే ఆ కాంటాక్ట్ మూసుకొనే ఉండి మోటరు పాత పద్ధతిలో నడుస్తుంది. నాలుగో వాక్యం ఈ ఒక్క తీగతో నెరవేరుతుంది.

బోర్డుకు విద్యుత్తు ఎక్కడిదన్నది చివరి చిక్కు. కొన్నిచోట్ల స్టార్టర్ దగ్గరికి మూడు ఫేజు తీగలే వస్తాయి, న్యూట్రల్ ఉండదు. అడాప్టరు కోసం ఎర్త్ రాడ్‌ను న్యూట్రల్‌గా వాడడం మన దగ్గర అలవాటుగా ఉంది, అది ప్రాణాలు తీసే అలవాటు. చిన్న సోలార్ పలక, దానికి తగిన బ్యాటరీ పెట్టుకొంటే ఆ బెడద ఉండదు, పైగా కరెంటు లేని వేళ కూడా పరికరం బతికి ఉండి ఆ సంగతి చెబుతుంది. బోర్డును వేరే ప్లాస్టిక్ డబ్బాలో, నీడ పట్టున, రంధ్రాలన్నీ మూసి బిగించండి. స్టార్టర్ డబ్బాల్లో చీమలు పుట్టలు పెట్టి కాంటాక్టుల మధ్య నలగడం రైతులందరికీ తెలిసిందే, బోర్డును కూడా అవి వదలవు.

బోర్డుకు బుద్ధి చెప్పడం

ఈఎస్‌పీ32లోకి వేసే ప్రోగ్రామును చేత్తో రాయకుండా ఈఎస్‌పీహోమ్ అనే సాధనంతో తయారు చేయవచ్చు. ఏ పిన్‌కు ఏముందో, ఎంత సేపటికి ఒకసారి చదవాలో, చదివినది ఎక్కడికి పంపాలో ఒక సాదా ఫైలులో వరుసగా రాస్తే మిగతాది అదే చూసుకొంటుంది. ఆ ఫైలులో ఖాళీల లెక్క తప్పితే పనిచేయదు, కాబట్టి నమూనాను యథాతథంగా తెచ్చుకొని అంకెలు మాత్రం మార్చండి. పరికరం పేరును చిన్న ఆంగ్ల అక్షరాలు, అంకెలు, హైఫన్‌లతోనే పెట్టాలి.

బిగింపు సెన్సర్‌కు అందులో సీటీ క్లాంప్ అనే విభాగం సిద్ధంగా ఉంది. దాని కింద ఉండే ఏడీసీకి ఎటెన్యుయేషన్ (వచ్చే సంకేతాన్ని తగ్గించి చదివే సెట్టింగు) 12 డీబీ అని రాయడం మరిచిపోవద్దు. రాయకపోతే ఒక వోల్టుకు అటూ ఇటుగా చదవడం ఆగిపోతుంది, మన సంకేతం 1.65 దగ్గర ఊగుతున్నది కనుక అంకె ఎప్పుడూ ఒకే చోట నిలిచిపోతుంది. చదివే వ్యవధిని పది సెకన్లుగా పెట్టండి. తర్వాత ఎలక్ట్రీషియన్ తెచ్చిన టాంగ్ టెస్టర్‌ను (తీగకు బిగించి ఆంపియర్లు చూసే మీటరు) అదే తీగకు పెట్టి, మోటరు ఆగి ఉన్నప్పుడు ఒకసారి, నిండుగా పోస్తున్నప్పుడు ఒకసారి రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకొని, ఆ జతలను కాలిబ్రేట్ అనే ఫిల్టర్‌లో ఇస్తే ఆంపియర్లు సరిగ్గా వస్తాయి.

ఇప్పుడు మొదటి వాక్యాన్ని బోర్డులోనే పెట్టాలి. కరెంటు 1 ఆంపియర్ కంటే ఎక్కువగా, 6.2 కంటే తక్కువగా ఉంటే "నీళ్లు తగ్గాయి" అని చెప్పే ఒక ఊహా సెన్సర్‌ను సృష్టించి, దానికి ముప్పై సెకన్ల ఆలస్యపు ఫిల్టర్ పెట్టండి. మధ్యలో ఒక్కసారి కరెంటు పైకి లేచినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆ సెన్సర్ నిజమైనప్పుడు రిలే పనిచేసి మోటరును ఆపాలి, నలభై ఐదు నిమిషాల తర్వాత వదలాలి. ఈ నిర్ణయం ఇంట్లోని కంప్యూటర్‌లో కాకుండా బోరు దగ్గరే జరగాలని నేను గట్టిగా చెబుతాను. మోటరును కాపాడే పని వైఫై సిగ్నల్ మీద ఆధారపడకూడదు.

అదే కారణంతో మరొక సెట్టింగు మార్చాలి. నెట్‌వర్క్ గాని, సర్వర్ గాని పదిహేను నిమిషాలు దొరకకపోతే ఈఎస్‌పీహోమ్ పరికరం తనంతట తానే రీబూట్ అవుతుంది. ఇంట్లో దీపం విషయంలో అది మంచిదే. మన దగ్గర మాత్రం రూటరు ఆగిన ప్రతిసారీ బోర్డు పదిహేను నిమిషాలకొకసారి పడిలేస్తూ, నలభై ఐదు నిమిషాల లెక్కను మరిచిపోతుంది. వైఫై, ఎంక్యూటీటీ (ఇంటికి కబురు పంపే పద్ధతి, దీని సంగతి కింద ఉంది) విభాగాలు రెండింటిలోనూ, ఏపీఐ విభాగం ఉంటే దానిలోనూ రీబూట్ టైమౌట్‌ను సున్నా చేయండి.

బ్రోకరు, ఫ్లో

బోరు దగ్గరి కబురు ఇంటికి చేరడానికి ఎంక్యూటీటీ అనే పద్ధతి వాడతాము. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని చమురు పైపులైన్ల మీద నిఘా కోసం తయారు చేశారు. ఉపగ్రహం ద్వారా సాగే ఆ సంబంధాలు సన్ననివి, ఖరీదైనవి కాబట్టి తక్కువ మాటల్లో కబురు చేరేటట్టు రూపొందించారు. సిగ్నల్ వచ్చిపోయే మన చెలకలకు అందుకే ఇది ఇంత బాగా అతుకుతుంది. మధ్యలో బ్రోకరు అనే పోస్టాఫీసు ఉంటుంది. ఒకరు ఒక చిరునామాకు కబురు వేస్తారు, ఆ చిరునామాను అడిగినవారందరికీ అది చేరుతుంది.

మస్కిటో అనే ఉచిత బ్రోకరును ల్యాప్‌టాప్‌లో ఎక్కించండి. దాని రెండో వెర్షన్ నుంచి బయటి పరికరాలను అది నేరుగా రానివ్వదు. సెట్టింగుల ఫైలులో 1883 పోర్టును (కబుర్లు లోపలికి వచ్చే, అంకె వేసిన తలుపు వంటిది) తెరిచి, పేరూ పాస్‌వర్డూ ఇవ్వాలి. చిరునామాలు యూటీఎఫ్-8 అక్షరాలు కాబట్టి తెలుగులోనే పెట్టవచ్చు. నేను "తోట/బోరు/కరెంటు", "తోట/బోరు/స్థితి", "తోట/బోరు/ఆజ్ఞ" అని పెట్టాను. నేను లేనప్పుడు చూసేవారికి కూడా అర్థమవుతుంది.

నోడ్-రెడ్ అసలు సాధనం. మొదట్లో చెప్పిన డబ్బాలను ఇది నోడ్లు అంటుంది, తీగలతో కలిపిన మొత్తం బొమ్మను ఫ్లో అంటుంది. ఐబీఎంలో నిక్ ఓలియరీ, డేవ్ కాన్వే-జోన్స్ 2013లో దీన్ని మొదలుపెట్టింది ఎంక్యూటీటీ చిరునామాల మధ్య సంబంధాలను బొమ్మగా చూపడానికే. తర్వాత అది ఎన్నో పరికరాలకు విస్తరించింది. ఇది ఉచితం, ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లో నడుస్తుంది. నెలనెలా కిరాయి కట్టే సేవలకు బదులు నేను దీన్ని ఎంచుకోవడానికి ఇదే కారణం. ఇది నడవడానికి కావలసిన నోడ్.జేఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు దీన్ని ఎక్కించి, బ్రౌజర్‌లో 1880 పోర్టు తెరిస్తే ఖాళీ గళ్ల కాగితం కనిపిస్తుంది.

ఎడమ వైపు నుంచి ఎంక్యూటీటీ ఇన్ నోడ్‌ను లాగి, కరెంటు చిరునామా ఇవ్వండి. దాని తర్వాత ఫిల్టర్ నోడ్ పెట్టి, విలువ 0.2 ఆంపియర్ల కంటే ఎక్కువ మారినప్పుడే ముందుకు పంపమని చెప్పండి. పది సెకన్లకొకటి చొప్పున రోజుకు 8,640 కబుర్లు వస్తాయి, వాటిలో చాలావరకు ఒకే మాటను మళ్లీ చెప్పేవే. ఫిల్టర్ తర్వాత స్విచ్ నోడ్‌లో 1 కంటే తక్కువైతే ఒక దారి, 6.2 లోపు అయితే ఒక దారి, ఆ పైన అయితే ఒక దారి అని విడదీయండి. ప్రతి దారిలో చేంజ్ నోడ్ పెట్టి అంకెను వాక్యంగా మార్చండి: "మోటరు ఆగింది", "నీళ్లు తగ్గుతున్నాయి", "మోటరు నడుస్తున్నది".

మూడో వాక్యం కోసం ట్రిగ్గర్ నోడ్ కావాలి. దీన్ని ఫిల్టర్ తర్వాత కాకుండా ముందే, ఎంక్యూటీటీ ఇన్ నుంచి నేరుగా కలపాలి, లేకపోతే విలువ మారని ప్రతిసారీ కబురు ఆగిందని పొరబడుతుంది. మొదట ఏమీ పంపవద్దనీ, రెండు నిమిషాల తర్వాత "సమాచారం లేదు" అని పంపాలనీ, కొత్త కబురు వస్తే గడువు మళ్లీ మొదలుకావాలనీ పెట్టండి. కబుర్లు మళ్లీ మొదలైనప్పుడు విలువ మారకపోతే ఫిల్టర్ దాన్ని ఆపేస్తుంది, అప్పుడు తెర మీద "సమాచారం లేదు" అనే మాట అట్లాగే ఉండిపోతుంది. ఆ చిక్కు రాకుండా ట్రిగ్గర్ నుంచి ఇంకొక తీగను చేంజ్ నోడ్ ద్వారా ఫిల్టర్‌కు తిప్పి, అది తన జ్ఞాపకాన్ని చెరిపేసుకొనేటట్టు రీసెట్ పంపాలి. దీన్ని కనిపెట్టడానికి నాకు ఒక వారం పట్టింది.

తెర కోసం డ్యాష్‌బోర్డ్ 2.0 నోడ్లు ఎక్కించండి. నేను మొదట గుండ్రని మీటర్లు, రంగుల గ్రాఫులు పెట్టాను. మా మామ వాటిని కాసేపు చూసి, "మోటరు నడుస్తుందా, బందైందా, గది చెప్పు అల్లుడా. ఈ గీతలు నాకేం సమజైతయి?" అన్నాడు. అప్పటి నుంచి పై సగంలో ఒకే వాక్యం, పెద్ద అక్షరాల్లో, దాని కింద చివరి కబురు వచ్చిన గంటా నిమిషమూ ఉంటాయి. గ్రాఫు రెండో పేజీకి వెళ్లింది. ఈ పేజీని ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకొంటే చూసేవారికి అది యాప్‌గానే కనిపిస్తుంది, ప్లే స్టోర్‌తో పని లేదు.

హెచ్చరికకు టెలిగ్రామ్ సులభం. టెలిగ్రామ్‌లోనే ఉండే బాట్‌ఫాదర్ అనే ఖాతా దగ్గర ఒక బాట్ (తనంతట తానే సందేశాలు పంపే ఖాతా) తయారు చేసి, అది ఇచ్చే తాళపు మాటను నోడ్-రెడ్‌లోని టెలిగ్రామ్ నోడ్‌లో పెడితే ఐదు నిమిషాల్లో సందేశం వస్తుంది. ఎస్‌ఎంఎస్ పంపే సేవలకు మన దేశంలో డీఎల్‌టీ (వ్యాపార సందేశాలు పంపేవారి జాబితా) నమోదు కావాలి, ఒక్క తోట కోసం ఆ శ్రమ అనవసరం.

మోటరు లేకుండానే పరీక్ష

కట్టిన ఫ్లోను అమల్లోకి తెచ్చే డిప్లాయ్ మీట నొక్కగానే తోటకు పరుగెత్తవద్దు. ఇంజెక్ట్ నోడ్లు నాలుగు తెచ్చి 7.8, 5.1, 0, అర్థంలేని అక్షరం ఒకటి పంపేటట్టు పెట్టి, ఒక్కొక్కటి నొక్కుతూ తెర ఏమంటున్నదో చూడండి. నాలుగోది చాలామంది చూడరు. బోర్డు కొలత తీసుకోలేనప్పుడు అంకెకు బదులు "నాన్" (అంకె కాదు అని అర్థం) అనే మాట రావడం నిజంగా జరుగుతుంది, అప్పుడు స్విచ్ నోడ్ దాన్ని ఏ దారిలోకి నెడుతుందో ముందే తెలిసి ఉండాలి. తర్వాత ఎంక్యూటీటీ తీగ తీసేసి రెండు నిమిషాలు గడియారం పెట్టుకొని కూర్చోండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి అన్నీ వాటంతట అవే లేస్తున్నాయా చూడండి. నాలుగు వాక్యాలు రాసిన కాగితం పక్కన పెట్టుకొని, నెరవేరిన ప్రతి వాక్యానికి టిక్కు పెట్టండి.

మోటరును ఆన్ చేసే మీట గురించి

ఇప్పటివరకు చెప్పినదంతా చూడడానికి, ఆపడానికే. ఫోన్ నుంచి మోటరు వేసే మీటను మొదటి సంవత్సరం పెట్టవద్దని నా మాట. నేను పెట్టాను. డ్యాష్‌బోర్డులో ఒక మీట, దాని నుంచి ఆజ్ఞ చిరునామాకు ఎంక్యూటీటీ అవుట్ నోడ్, ఆ నోడ్‌లో రిటెయిన్ అనే గడిలో నిజం. రిటెయిన్ అంటే బ్రోకరు ఆ కబురును దాచిపెట్టుకొని, ఆ చిరునామాను కొత్తగా అడిగినవారికి వెంటనే ఇస్తుంది. స్థితి చిరునామాకు అది ఎంతో మేలు, తెర తెరవగానే చివరి సంగతి కనిపిస్తుంది. ఆజ్ఞకు అది ప్రమాదం. ఆ రోజు సాయంత్రం మామ మోటరు వేసి, తర్వాత తోటలోనే ఎర్ర మీట నొక్కి ఆపాడు. రాత్రి బోర్డు బ్యాటరీ అయిపోయింది, తెల్లవారి ఎండ తగిలి బోర్డు లేచి బ్రోకరును అడిగింది, బ్రోకరు నిన్నటి "వేయి" అనే ఆజ్ఞను అందించింది. ఎవరూ లేని తోటలో మోటరు మొదలై, నిండి ఉన్న తొట్టి మీదుగా రెండు గంటలు నీళ్లు పారాయి. ఏప్రిల్ నెలలో రెండు గంటల నీళ్లు అంటే ఏమిటో బత్తాయి రైతుకు చెప్పనక్కర లేదు.

కాబట్టి ఆజ్ఞ చిరునామాలో రిటెయిన్ ఎప్పుడూ ఉండకూడదు. ఆజ్ఞతో పాటు పంపిన సమయాన్ని కూడా పంపి, అది ముప్పై సెకన్ల కంటే పాతదైతే బోర్డు పట్టించుకోకూడదు. దీనికి నోడ్-రెడ్‌లో ఫంక్షన్ నోడ్, ఈఎస్‌పీహోమ్‌లో లాంబ్డా అనే చిన్న కోడు ముక్క కావాలి. తక్కువ కోడింగ్‌లో ఆ "తక్కువ" ఇక్కడే ఎదురవుతుంది, నాలుగైదు వరుసలు రాయడానికి భయపడవద్దు.

తనంతట తాను మోటరు వేసే యాప్ విషయంలో ఇంకొక మాట కూడా ఉంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, భూగర్భ జలాలు తోడుకుపోతాయని ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు రాగానే మోటరు లేపే యాప్ అదే ఆటో స్టార్టర్‌కు మరో రూపం. మీ బోరుకూ పక్క చెలకలోని బోరుకూ అడుగున నీళ్లు ఒకటే కావచ్చు.

తాళం వేయడం

నోడ్-రెడ్ మొదట ఎక్కించినప్పుడు దానికి పాస్‌వర్డ్ ఉండదు. దాని ఎడిటర్‌ను తెరవగలిగినవారు మోటరును మాత్రమే కాదు, ఆ కంప్యూటర్‌నే తమ ఇష్టప్రకారం నడపగలరు. సెట్టింగ్స్ ఫైలులో అడ్మిన్ ఆథ్ అనే భాగాన్ని తెరిచి పేరూ పాస్‌వర్డూ పెట్టండి. బయటి ఊరి నుంచి చూడాలని రూటరులో 1880 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవడం మాత్రం చేయకండి. రెండు పరికరాల మధ్య రహస్యపు దారి (వీపీఎన్) వేసే వైర్‌గార్డ్ గాని, టెయిల్‌స్కేల్ గాని ఫోన్‌లోను, ల్యాప్‌టాప్‌లోను ఎక్కిస్తే హైదరాబాద్‌లో ఉన్నా ఇంట్లో కూర్చున్నట్టే పేజీ తెరుచుకుంటుంది. ఫ్లో మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

మొదటి ఎండాకాలం

6.2 అనే అంకె మా మోటరుది. మీ మోటరు నిండుగా పోసేటప్పుడు తీసుకునే ఆంపియర్లలో 80 శాతంతో మొదలుపెట్టండి, బోరు తనంతట తాను తగ్గే రోజున దగ్గరుండి ఎక్కడికి పడిపోతున్నదో చూసి సరిచేయండి. వోల్టేజీ తక్కువైనప్పుడు నడుస్తున్న మోటరు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి సాయంత్రం వేళ చూసిన అంకె, తెల్లవారుజామున చూసిన అంకె ఒకటి కాకపోవచ్చు. వారం రోజులు రెండు వేళలా రాసుకొంటే హద్దు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

రోజుకొక ఫైలులో కరెంటు విలువలను రాసిపెట్టే ఫైల్ నోడ్ ఒకటి చేర్చండి. మా తోటలో డిసెంబరులో మూడు గంటలు ఏకధాటిగా పోసిన బోరు, ఏప్రిల్ మధ్య నాటికి నలభై నిమిషాలకే తెగుతున్నదని ఆ ఫైళ్లే చూపాయి. దాన్ని బట్టి మామ డ్రిప్ వంతులను నాలుగుకు బదులు ఏడు చిన్న వంతులుగా విడగొట్టాడు, మధ్యలో బోరు ఊరడానికి వ్యవధి దొరికింది. ఆ ఎండాకాలం పైపులు పైకి తీయలేదు.

చివరగా స్టార్టర్ డబ్బా తలుపుకు రెండు వస్తువులు బిగించండి. మన రిలే మోటరును ఆపి ఉంచిన నలభై ఐదు నిమిషాలు వెలిగే చిన్న ఎర్ర దీపం ఒకటి, లేకపోతే ఆకుపచ్చ మీట ఎందుకు పనిచేయడం లేదో తెలియక స్టార్టర్ విప్పేస్తారు. మన కాంటాక్ట్‌ను పక్కన పెట్టేసి మోటరును నేరుగా నడిపే బైపాస్ స్విచ్చు మరొకటి. తలుపు లోపలి వైపు ఒక అట్ట మీద ఏ తీగ ఎక్కడికి పోతున్నదో, దీపం వెలిగితే అర్థమేమిటో, బైపాస్ ఎటు తిప్పాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి అతికించండి.